కిమ్ యంగ్ సామ్ చేసినవి సంస్కరణలా, రాత్రి ఎనిమిది గంటల హడావిడా?

కొండపల్లి బొమ్మ:
దక్షిణ కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ మార్షల్ లా ప్రకటిస్తే, పార్లమెంటు కొన్ని గంటల్లోనే 190–0 ఓట్లతో దాన్ని కొట్టేసింది. సైనికులు వచ్చారు, కిటికీలు పగలగొట్టారు, కానీ కాల్చలేదు. దీని విత్తనం 1993లో పడిందని నా నమ్మకం. ఎన్నికల్లో గెలిచి ఆ ఫిబ్రవరిలో గద్దెనెక్కిన కిమ్ యంగ్ సామ్, 30 ఏళ్ల జనరళ్ల పాలన తర్వాత మొదటి పౌర అధ్యక్షుడు. రెండు వారాలు తిరక్కుండానే ఆర్మీ చీఫ్‌ని పీకేశాడు. సైన్యంలో చున్ డూ హ్వాన్ పెంచిన ‘హనాహ్వే’ అనే రహస్య ముఠా జనరళ్లను వరుసగా ఇంటికి పంపాడు. ఆగస్టులో ఒక్క ఉత్తర్వుతో దొంగ పేర్ల బ్యాంకు ఖాతాలకు చెల్లుచీటీ. 1995 చివరికి చున్, రో టే వూ అనే ఇద్దరు మాజీ అధ్యక్షులూ కటకటాల్లో ఉన్నారు. ఇంత చేసిన మనిషిని అక్కడ ఎక్కువమంది ‘ఐఎంఎఫ్ తెచ్చినాయన’ (అంటే దేశాన్ని అంతర్జాతీయ ద్రవ్య నిధి అప్పు దాకా తెచ్చినాయన) అనే తలుచుకుంటారట. అన్యాయం కదా?

పాత పేపర్ల పిచ్చోడు:
‘మొదటి పౌర అధ్యక్షుడు’ అనకండి. 1979లో అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ హత్య తర్వాత వచ్చిన చోయ్ క్యు హా కూడా సైనికుడు కాదు.

కొండపల్లి బొమ్మ:
ఆయన ఎంతకాలం ఉన్నాడండీ? ఏడాది కూడా లేడు. ఆ డిసెంబరు 12నే చున్ సైన్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

పాత పేపర్ల పిచ్చోడు:
ఎంతకాలం అని కాదు. మొదటి అంటే మొదటి.

పెన్నా ఒడ్డు:
అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఈయన 1990లో తన పార్టీని తీసుకెళ్లి, చున్ ముఠా మనిషే అయిన రో టే వూ పార్టీలో కలిపేశాడు. 1983లో అదే ముఠా మీద 23 రోజులు నిరాహార దీక్ష చేసిన మనిషి! వాళ్ల గొడుగు కింద నిలబడి 1992లో గెలిచి, తర్వాత గొడుగు పట్టినోణ్నే జైల్లో వేయించాడు. దీన్ని సంస్కరణ అనాలా, తెలివితేటలు అనాలా?

సీమ రవి:
పెన్నా గారూ, పులిని పట్టాలంటే గుహలోకి పోవాలని ఆయనే చెప్పుకున్నాడు. పోయినాడు, పట్టినాడు. బయట నిలబడి నినాదాలు ఇచ్చినోళ్లు ఎంతమంది జనరళ్లను దించినారో చెప్పండి.

పెన్నా ఒడ్డు:
పట్టింది ఎప్పుడు? 1995 జులైలో ప్రాసిక్యూటర్లు చున్, రోల మీద కేసు పెట్టలేమని చేతులెత్తేశారు. గ్వాంగ్జూలో 1980 మేలో సైన్యం కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు రోడ్డెక్కారు. అక్టోబరులో రో రహస్య నిధుల గుట్టు బయటపడ్డాక, తన ఎన్నిక ఖర్చు మీదా ప్రశ్నలొచ్చాక, అప్పుడు గానీ ఈయనకి వాళ్లని విచారించే ప్రత్యేక చట్టం గుర్తుకురాలేదు.

సీమ రవి:
ఆ గుట్టు ఎట్లా బయటపడిందో కూడా చెప్పండి మరి! వేరేవాళ్ల పేర్లతో ఉన్న ఖాతాల్లో దొరికింది ఆ డబ్బు. రో టీవీలో ఏడుస్తా 50,000 కోట్ల వోన్లు... కాదు, తప్పు రాసినా, 500 బిలియన్లు, అంటే 50,000 కోట్లే, వసూలు చేసినానని ఒప్పుకున్నాడు. 1993 ఉత్తర్వు లేకుంటే ఆ డబ్బు ఈపాటికి మనవల చేతిలో ఉండేది.

అల్లం టీ:
సున్నాలు లెక్కపెట్టేసరికి నాకు నీరసం వచ్చింది 😄 అన్నట్టు ఆయన హయాంలోనే సియోల్‌లో వంతెన కూలి 32 మంది, డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది పోయారు. అదీ రాయండి.

సీమ రవి:
వంతెన కట్టింది ఆయన కాదు.

పెన్నా ఒడ్డు:
ఉత్తర్వు దగ్గరికే వద్దాం. 1993 ఆగస్టు 12 సాయంత్రం టీవీలో కనబడి, రాత్రి 8 నుంచి అమలు అన్నాడు. అత్యవసర ఉత్తర్వు. పార్లమెంటు తర్వాత తలూపింది. ఎక్కడో విన్నట్టు లేదూ? 2016 నవంబరు 8, అదీ రాత్రి 8 గంటలే.

సీమ రవి:
రెండింటినీ ఒక గాటన కట్టకండి. కొరియాలో నోటు రద్దు కాలేదు. రెండు నెలల్లో ఖాతాను సొంత పేరుకి మార్చుకోమన్నారు, అంతే. అదే చట్టం 1982లో తెచ్చి వాయిదా వేసినారు, రో కూడా 1990లో పక్కన పెట్టినాడు. ముందే చెప్పి చేస్తే దొంగలు సర్దుకుంటారు. నాకు ఇది పుస్తకంలో విషయం కాదు. మా తాత మూడెకరాలు ఎవరో పనిమనిషి పేరు మీద ఉన్నట్టు కాగితాలు పుట్టినాయి. ఆ మనిషి బతికుందో లేదో తెలీదు. 11 ఏళ్లుగా కోర్టుకి తిరుగుతున్నా. బినామీ అంటే ఏందో నన్నడగండి. ఖాతాలో సొంత పేరు రాయడానికి భయపడేవాడు దొంగే.

పెన్నా ఒడ్డు:
మాట జాగ్రత్త రవీ.

సీమ రవి:
ఎవురికి గుచ్చుకుంటే వాళ్లకే.

మోడరేటర్:
ఇద్దరూ తగ్గండి. కొరియా గురించే రాయండి.

పెన్నా ఒడ్డు:
సరే, రాస్తా. మా అమ్మ మినప్పప్పు డబ్బాలో, పప్పు కింద, అయిదొందల నోట్లు 31 దాచుకుంది. మా నాన్నకి తెలిస్తే సాయంత్రానికి సీసాలోకి పోతాయి కాబట్టి. 2016 నవంబరులో ఆ డబ్బా వంటగదిలో నేల మీద బోర్లించాల్సి వచ్చింది. అమ్మకి ఖాతా లేదు, క్యూలో నాన్న నిలబడ్డాడు. తర్వాత ఏమైందో మీరే ఊహించుకోండి. పేరు దాచుకున్న ప్రతివాడూ దొంగ కాదు. 8 గంటలకి టీవీలో కనబడి ఎవరు ఏం చెప్పినా నా కడుపు మండేది అందుకే. కిమ్ మంచివాడే కావచ్చు. ఒక్కడు రాత్రికి రాత్రి నిర్ణయించే పద్ధతి మిలిటరీ వాళ్లది.

సీమ రవి:
అమ్మగారి సంగతి తెలియక అన్నా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అన్నా, హనాహ్వే జనరళ్లకి ముందే నోటీసు ఇచ్చుంటే? ట్యాంకులు వచ్చుండేవి. కొన్నింటికి రాత్రే కావాల.

పెన్నా ఒడ్డు:
జనరళ్లకి సరే. పప్పు డబ్బాలకి?

సువాన్ సుధ:
నేను ఆరేళ్లుగా కొరియాలోని సువాన్‌లో ఉంటున్నా. ఇక్కడ ఆయన్ని తిట్టేది మీరు చెప్పుకుంటున్నవాటికి కాదు. 1997 జనవరిలో హన్‌బో స్టీల్ మునిగింది, ఆ లంచాల గొడవలో మేలో ఆయన కొడుకే అరెస్టయ్యాడు. అదే ఏడాది కియా కుప్పకూలింది (మన పెనుకొండ కియానే, తర్వాత హ్యుందాయ్ కొనుక్కుంది). నవంబరులో ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కారు. పోతూ పోతూ డిసెంబరులో, కొత్తగా గెలిచిన కిమ్ డే జుంగ్ కూడా సరేననడంతో, చున్, రోలకి క్షమాభిక్ష. యావజ్జీవం పడిన చున్ రెండేళ్లకే ఇంటికొచ్చాడు.

కొండపల్లి బొమ్మ:
సుధ గారూ, మీ చుట్టుపక్కల పెద్దవాళ్లెవరైనా ఉంటే 1993 సంగతి అడిగి చెప్తారా?

సువాన్ సుధ:
మా ఇంటి ఓనరు బామ్మని ఇప్పుడే అడిగొచ్చా, మెట్ల మీద ముల్లంగి కోస్తోంది. ఖాతా పేర్ల ఉత్తర్వు ఆవిడకి గుర్తే లేదట. 1998లో దేశం అప్పు తీర్చడానికి బంగారం పోగుచేసినప్పుడు, కొడుకు మొదటి పుట్టినరోజు ఉంగరం ఇచ్చేసింది. దాని తూకం మాత్రం ఠక్కున చెప్పింది: ఒక దోన్. మన లెక్కలో 3.75 గ్రాములు.

పెన్నా ఒడ్డు:
నేను చెప్పేది అదే.

సీమ రవి:
మీరు చెప్పింది అది కాదన్నా.

పాత పేపర్ల పిచ్చోడు:
శీర్షికలో లేదు కానీ మొదటి పోస్టులో ఇంకా ‘మొదటి పౌర అధ్యక్షుడు’ అనే ఉంది.