నరజాతి చరిత్ర సమస్తం... ఆ తరవాత ‘రా’నా, ‘ర’నా?

నిశాచరుడు: అర్ధరాత్రి దాటాక అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. చచ్చినవాళ్లు లేచి తిరుగుతూ మనుషుల్ని తినే అమెరికన్ టీవీ సీరియల్ ‘వాకింగ్ డెడ్’ ఆఖరి భాగం మళ్లీ చూశాను. 2010లో మా అట్లాంటా రోడ్ల మీద గుర్రమెక్కి మొదలైన కథ, పదకొండు సీజన్లు, 177 భాగాలు నడిచి 2022 నవంబరులో ముగిసింది. చివర్లో కామన్‌వెల్త్ అనే ఊరు. యాభై వేల మంది. శవాల మంద ఊళ్లో పడితే పెద్దల పేటకి గేటు వేసేశారు. గేటు బయట మామూలు జనం, చువ్వలు పట్టుకుని అరుస్తుంటారు. వెనక నుంచి శవాలు వచ్చేస్తున్నాయి. గవర్నరమ్మ పామెలా తియ్యొద్దంటే తియ్యొద్దంటుంది. తెల్ల కవచాల సైనికులు తుపాకులు ఎత్తింది శవాల మీదకి కాదు, గేటు తియ్యబోయిన మనుషుల మీదకి. అక్కడ ఆపేశాను. శ్రీశ్రీ మహాప్రస్థానంలోని ‘దేశచరిత్రలు’ లైను తన్నుకొచ్చింది. ‘నరజాతి చరిత్ర సమస్తం పరస్పర...’ ఆ తరవాత? ‘సంహరణోద్యోగం’ అని నోటికొస్తోంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది. పుస్తకం తెనాలిలో, మా అమ్మ దగ్గర, అటక మీద. ఎవరికైనా గుర్తుందా?

అరసున్న: సంహరణ కాదు. ‘పరస్పరాహరణోద్యోగం’. ‘రా’ దీర్ఘం. అచ్చులో అలాగే ఉంటుంది.

వట్రుసుడి: అచ్చులో చాలా ఉంటాయి లెండి. మా నాన్నగారికి మహాప్రస్థానం మొత్తం కంఠతా. ఆయన ‘పరస్పర హరణోద్యోగం’ అనే చదివేవారు. హరణం అంటే దోచుకోవడం, సరిపోయింది. ఆహరణం అంటే తేవడం. సమిధాహరణం అంటే గురువుగారింటికి పుల్లలు ఏరుకు రావడం. ఒకరినొకరు తెచ్చుకునే ఉద్యోగమేమిటండీ, మగపెళ్లివారి విడిదా? ముక్కు తిమ్మన కూడా ‘పారిజాతాపహరణం’ అని పారిజాతానికి ‘అప’ తగిలించాడు గానీ ‘ఆ’ పెట్టలేదు.

అరసున్న: ఆహరణానికి లాక్కోవడం అన్న అర్థమూ ఉంది మాస్టారూ. మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను.

బండి ఱ: మీ ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఆహరణం, ఆహారం రెండూ ఒకే ధాతువు. ‘హృ’కి ముందు ‘ఆ’. శ్రీశ్రీ అంతటి శబ్దాలగారడీవాడు ఆ ‘రా’ దగ్గర ఊరికే దీర్ఘం తీస్తాడా? ‘పరస్పరాహ’ దాకా చదివేసరికి చెవికి ‘పరస్పరాహారం’ తగులుతుంది. ఒకళ్లనొకళ్లు తినడం. అదే పద్యంలో నాలుగడుగులు దిగండి, ‘దరిద్రులను కాల్చుకు తినడం’. ముందే వాసన చూపించి తరవాత వడ్డించాడు.

వట్రుసుడి: ఈ వంట మీరు చేసిందే, శ్రీశ్రీ చేసింది కాదు.

నిశాచరుడు: బండి ఱ గారూ, ఒళ్లు జలదరించింది. ఇందులోనే టెర్మినస్ అని ఒక చోటు ఉంటుంది. రైలు పట్టాల వెంబడి బోర్డులు పెట్టి ‘అందరికీ ఆశ్రయం’ అని పిలుస్తారు. నమ్మి వెళ్లినవాళ్లని కోసుకు తింటారు. అంటే వట్రుసుడి గారు చెప్పిన ‘తేవడం’, మీరు చెప్పిన ‘తినడం’ రెండూ ఒకే ఇంట్లో జరిగాయి.

బండి ఱ: చూశారా! ఇంక ‘రా’ ఖాయం.

గురులఘువు: ధాతువుల దాకా ఎందుకు, వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ గేయం పాదానికి పద్నాలుగు మాత్రలు. లఘువుకి ఒకటి; దీర్ఘం, సున్నా ఉన్నది, జంటక్షరానికి ముందున్నది గురువు, దానికి రెండు. ‘ఏ దేశచరిత్ర చూచినా’ పద్నాలుగు. ‘నరజాతి చరిత్ర సమస్తం’ పద్నాలుగు. ‘పరపీడన పరాయణత్వం’ పద్నాలుగు. ఇప్పుడు మన పాదం: ప ఒకటి, ర రెండు, స్ప ఒకటి, రా రెండు, హర రెండు, ణోద్యోగం ఆరు. పద్నాలుగు! ‘పరస్పర హరణ’ అంటే పదమూడే. నిశాచరుడు గారి ‘సంహరణ’ అయితే పదిహేను. ఇంకా నమ్మకపోతే ‘కాకుంటే కన్నీళులతో’ దగ్గరికి వెళ్లండి. ఎవరైనా ‘కన్నీళ్ళతో’ అనే అంటారు. అలా అంటే ఒక మాత్ర తగ్గుతుంది కనుక ఆయన ‘కన్నీళులు’ చేశాడు. తొలి పుస్తకం ‘ప్రభవ’ నాటికే పద్యాలు రాసిపడేసి వచ్చినవాడు. ‘సిరిసిరిమువ్వ’ మకుటంతో, మాత్రల లెక్క మీద నడిచే కందపద్యాలు రాసినవాడికి లెక్క తప్పుతుందా?

వట్రుసుడి: బాగుంది. ‘బీభత్సరస ప్రధానం’ లెక్కపెట్టి చెప్పండి.

వట్రుసుడి: గురులఘువు గారూ, ఉన్నారా?

గురులఘువు: ఉన్నాను. సమాసం గనక ‘ప్ర’కి ముందున్న ‘స’ గురువు చేసుకోవాలి.

వట్రుసుడి: చేసుకున్నాను. బీ రెండు, భ రెండు, త్స ఒకటి, ర ఒకటి, స రెండు, ప్ర ఒకటి, ధా రెండు, నం రెండు. పదమూడు. ఆ పాదానికి దక్కిన మినహాయింపు మా నాన్నగారి పాదానికి ఎందుకు దక్కదో సెలవియ్యండి.

గురులఘువు: పాడేటప్పుడు ‘ప్రధా’ దగ్గర సాగుతుంది.

వట్రుసుడి: మా నాన్నగారూ ‘పరస్పర’ తరవాత ఊపిరి తీసుకునేవారు.

అరసున్న: మధ్యలో ఒక మాట. అది ‘బీ’భత్సం. చాలామంది ‘భీ’ అని ఒత్తు పెట్టి భయపెడుతున్నారు.

బండి ఱ: అక్కడికే వస్తున్నాను. దాని తరవాతి పాదం ‘పిశాచగణ సమవాకారం’. ఆ ‘వా’ ఏమిటి? సంస్కృత నాటకాల్లో పది రకాలు, దశరూపకాలు; వాటిలో ఒకటి ‘సమవకారం’, వ హ్రస్వం. మూడంకాలు, పన్నెండుమంది నాయకులు, దేవాసురుల కథ. శ్రీశ్రీ ఇక్కడ చరిత్రని నాటకం అంటున్నాడు. రసం ఏది? బీభత్సం. రూపకం ఏది? సమవకారం. పాత్రలెవరు? పిశాచాలు. రెండు పాదాలూ కలిపి చదివితే అది నాటకానికి అంటించిన వాల్‌పోస్టరు! ఇదెవరూ చెప్పరు.

అరసున్న: ఇరవయ్యేళ్లుగా మా ఊరి సాహిత్య సభల్లో చెబుతూనే ఉన్నాను. అయినా సంతోషం. నాట్యశాస్త్రం ప్రకారం దేవతల ముందు మొదట ఆడిన సమవకారం అమృతమథనం. ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసే చిలికారు. పంచుకునే దగ్గర కదా కొట్టుకున్నది.

నిశాచరుడు: అచ్చం ఇదే! శవాలతో పదేళ్లు కలిసి పోరాడి నిలబడ్డారు. కరెంటొచ్చింది, ఐస్‌క్రీమొచ్చింది, వెంటనే పేటలు విడిపోయాయి. ఎదురు తిరిగినవాళ్లని పట్టుకెళ్లి, వాళ్లు స్వయంగా కట్టుకున్న అలెగ్జాండ్రియా ఊరినే శిబిరం చేసి, అందులోనే వెట్టిచాకిరీ చేయించారు. ఆఖర్న సేనాని మెర్సర్ గవర్నరమ్మనే అరెస్టు చేశాడు. ఆవిడ ఏం చేసిందో తెలుసా? తన పాత కుడిభుజం హార్న్స్‌బీ చచ్చి శవమై చువ్వల్లోంచి చేతులు చాస్తుంటే మెల్లగా అటు నడిచింది, కరిపించుకుందామని. ఎదురు తిరిగినవాళ్లలో ఒకతె మ్యాగీ ఆ శవాన్ని కాల్చింది, ఈవిడ మిగిలిపోయింది. ఏడాది తర్వాత గవర్నరు కుర్చీలో వాళ్లలోని ఇజికీల్. ఆ కుర్చీ మాత్రం తీసెయ్యలేదు. నాకు మింగుడుపడనిది అదొక్కటే.

గురులఘువు: ‘సమవకారం’ అంటే అదీ పదమూడే అవుతుంది. ‘వా’ ఉంటేనే పద్నాలుగు.

వట్రుసుడి: అంటే పక్కపక్కన రెండు పదమూళ్లు! ఇప్పుడు మూడోది కలుపుకుంటే నష్టమేమిటి?

బండి ఱ: లేదా మాత్రల కోసం ఆయనే ‘వా’ సాగదీసి ఉండొచ్చు. కన్నీళులు చేసినవాడు సమవాకారం చెయ్యలేడా?

గురులఘువు: అదే కదండీ నేను మొదట్నుంచీ...

అరసున్న: ‘ఉద్యోగం’ గురించి ఎవరూ మాట్లాడరేం? ఇక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. ఉద్యోగపర్వంలో ఉద్యోగం. కొలువు కాదు. ఈ కాలం పిల్లలు ‘జాబు’ అనుకుంటున్నారు.

వట్రుసుడి: ఉద్యోగం మాటెత్తగానే తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ నాటకం గుర్తురావాలి. ‘జెండాపై కపిరాజు’ అని ఎత్తుకుంటే మా ఊళ్లో మైకు లేకుండా చెరువుగట్టు దాకా వినపడేది. రెండోసారి, మూడోసారి పాడించుకునేవాళ్లు. రాయబారం ఆగిపోయి పద్యమే నడిచేది. కృష్ణుడు వేషగాడు చమట తుడుచుకుని మళ్లీ ‘జెండాపై...’

గురులఘువు: ఆ రాగం గురించి విడిగా మాట్లాడుకుందాం, రాత్రి సరిపోదు.

నిశాచరుడు: అరసున్న గారూ, నేను ‘జాబు’ అనే అనుకున్నాను, క్షమించండి. కామన్‌వెల్త్‌లో చేరగానే కూర్చోబెట్టి, లోకం మునగకముందు ఏం చేసేవాడివి అని అడుగుతారు. దాన్ని బట్టే పని. యుమికో అప్పట్లో లాయరు, మళ్లీ లాయరే. పాత కొలువులు పాత దొంతర్లతో సహా తిరిగొచ్చాయి. అక్కడ ‘హరణోద్యోగం’ నిజంగా కొలువే.

బండి ఱ: నాకు ఇది నచ్చింది. సెలవుల్లేని కొలువు.

అరసున్న: నచ్చితే మాత్రం నిఘంటువు మారదు.

నిశాచరుడు: ఇంకొక్కటి. ఐదో సీజన్లో ఒక వానరాత్రి కొట్టంలో కథానాయకుడు రిక్ అంటాడు, మనమే నడిచే శవాలం అని. ఆఖరి భాగంలో గేటు దగ్గర అతని స్నేహితుడు డారిల్ తిప్పి చెబుతాడు, మనం నడిచే శవాలం కాదు అని. దీనికి తెలుగులో ‘జీవచ్ఛవం’ సరిపోతుందా?

అరసున్న: జీవచ్ఛవం అంటే బతికుండీ శవంలా ఉన్నవాడు. మీ వాళ్లు చచ్చి తిరుగుతున్నవాళ్లు. తిరగేసింది.

వట్రుసుడి: మా నాయనమ్మ అన్నం సరిగా తినని పిల్లల్ని ‘నడపీనుగ’ అని తిట్టేది. అంతకన్న మంచి మాట దొరకదు. మీ పిశాచాలకి సంస్కృతం ఎందుకు?

బండి ఱ: నడపీనుగ! ఆరు మాత్రలు.

నిశాచరుడు: తీసుకున్నాను. అన్నట్టు ఇండియాలో తెల్లారింది గదా అని అమ్మకి ఫోన్ చేశాను. అటక ఎక్కనంది, మోకాళ్లు. ‘పుస్తకం ఎందుకురా, నాకు రాదా?’ అని అక్కడే నిలబడి మొత్తం చెప్పేసింది. స్కూల్లో ఈ పద్యానికే స్టీలు గ్లాసు ప్రైజొచ్చిందట, ఇప్పటికీ మజ్జిగ అందులోనే తాగుతుంది. ఆవిడ చెప్పిన పాఠం: ‘పరస్పరాపహరణోద్యోగం’. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ‘అప’ ఉంది.

వట్రుసుడి: తిమ్మన ‘అప’! అమ్మగారికి నమస్కారాలు చెప్పండి.

గురులఘువు: పదిహేనండీ అది.

వట్రుసుడి: ముందు ఆ బీభత్సరసం సంగతి తేల్చండి.