టెర్రీ తీసిన చిత్రాలు మొత్తం ఎన్ని? జాబితా కుదరడం లేదు, దయచేసి సహాయం చేయండి

వెన్నెలదారి:
అందరికీ నమస్కారం. మా ఫిల్మ్ సొసైటీ ఈ శనివారం ప్రదర్శించబోయే చిత్రానికి ఒక పుట పరిచయ పత్రం రాసే పని నాకు అప్పగించారు. దర్శకుడి గురించి నాలుగు మాటలు, ఆయన తీసిన చిత్రాల జాబితా ఉంటే చాలన్నారు. సాయంత్రం నుంచి దీనితోనే కూర్చున్నాను, జాబితా మాత్రం కుదరడం లేదు. టెర్రీ 5 చిత్రాలు తీశారని ఒకచోట ఉంది, మరొకచోట 7 అని, ఇంకొకచోట 8 అని ఉంది. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం పేరుతో వచ్చినవన్నీ కలిపి లెక్క వేస్తే ఈ మూడింటిలో దేనితోనూ పొంతన లేదు. పోనీ, చిత్రం మొదట్లో పడే పేర్లు చూసి తేల్చుకుందామనుకుంటే, అక్కడ దర్శకులుగా 40 ఈక్వెడార్ లామాలు, 6 వెనెజువెలా ఎర్ర లామాలు అని ఏవేవో జంతువుల పేర్లు వేశారు. నా దగ్గరున్న ప్రతిని ఎవరో చెడగొట్టారని అనుమానంగా ఉంది. రేపు ఉదయానికల్లా అచ్చుకు ఇవ్వాలి. సరైన జాబితా ఎవరైనా ఇవ్వగలరా?

తెరవెనుక:
ఏ టెర్రీ, ఏ చిత్రం? ఆ రెండూ చెప్పకుండా అడిగితే జాబితా ఎవరూ ఇవ్వలేరు.

పాతరీలు:
దర్శకుడు టెర్రీ అంటే టెర్రీ గిలియమ్ తప్ప మరెవరు? అమెరికాలోని మిన్నెసోటాలో పుట్టి, లండన్ వచ్చి, పైథాన్ బృందం టీవీ కార్యక్రమానికి కాగితపు బొమ్మలను కత్తిరించి కదిలించినవారు ఆయనే. 1977లో జాబర్‌వాకీ, 1981లో టైమ్ బాండిట్స్, 1985లో బ్రెజిల్ తీశారు. బ్రెజిల్ విషయంలో అమెరికా పంపిణీ సంస్థతో ఆయన చేసిన పోరాటమే ఒక పుట నిండుతుంది. మీ పత్రంలో అది తప్పకుండా రాయండి. చిత్రాన్ని ఎవరు కత్తిరించాలన్నది ఈనాటికీ దర్శకులందరికీ ఎదురయ్యే ప్రశ్న.

వెన్నెలదారి:
గిలియమ్ కాదండీ, జోన్స్. లామాల మాట చెప్పాను కనుక చిత్రం ఏదో తెలిసిపోతుందనుకున్నాను. మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్ వేస్తున్నాం.

పాతరీలు:
అలాగైతే నేను చెప్పింది పూర్తిగా పక్కన పెట్టవలసినది కాదు. 1975 నాటి ఆ చిత్రానికి ఇద్దరు టెర్రీలూ దర్శకులే.

మధ్యయుగం:
ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. టెర్రీ జోన్స్‌ను వేషాలు వేసి నవ్వించిన దర్శకుడిగా మాత్రమే పరిచయం చేస్తే సగం మనిషిని దాచినట్టే. వేల్స్‌లోని కాల్విన్ బేలో 1942లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఆయన 1980లో చాసర్స్ నైట్ అనే గ్రంథం ప్రచురించారు. పద్నాలుగో శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతంలో కనిపించే యోధుడిని పండితులు చాలాకాలం ఆదర్శ ధర్మవీరుడిగానే చదువుతూ వచ్చారు. జోన్స్ మాత్రం ఆ యోధుడు పోరాడిన చోట్లను ఒక్కొక్కటిగా తీసుకుని, 1365లో అలెగ్జాండ్రియాలో జరిగిన దోపిడీ, ఊచకోత వంటివాటిని గుర్తుచేసి, ఇతడు డబ్బుకు కత్తి పట్టిన సైనికుడని, చాసర్ అతడిని వ్యంగ్యంగానే చిత్రించాడని వాదించారు. ఆ వాదనను అందరూ ఒప్పుకోలేదు, కాని దానికి జవాబు మాత్రం చెప్పవలసి వచ్చింది. మీరు వేస్తున్న చిత్రంలో యోధులు బురదలో నడవడం, గుర్రాలకు డబ్బు లేక గిట్టల చప్పుడు కోసం కొబ్బరి చిప్పలు కొట్టించడం చూసి నవ్వుకుంటాం. ఆ బురద వెనుక ఉన్నది మధ్యయుగాలను నిజంగా చదివిన మనిషి. 2004లో బీబీసీకి మధ్యయుగాల మీద మెడీవల్ లైవ్స్ అనే టీవీ ధారావాహిక చేసినవారూ ఆయనే.

తెరవెనుక:
ఆమె అడిగింది చిత్రాల జాబితా. చాసర్ సంగతి వేరే చర్చలో పెట్టండి.

నిదానం:
వెన్నెలదారి గారూ, మీ ప్రతిలో ఏ లోపమూ లేదు. లామాలు ఆ చిత్రం పేర్లలోనే ఉన్నాయి, అది బృందం చేసిన పరిహాసం. ఇంకాస్త ఆగి చూస్తే ఆ వరుస చివర టెర్రీ గిలియమ్, టెర్రీ జోన్స్ అనే పేర్లు కనిపిస్తాయి.

ఇక మీ 5, 7, 8 లెక్కల సంగతి. జోన్స్ ఒక్కరే దర్శకత్వం వహించిన కథాచిత్రాలు ఇవి: లైఫ్ ఆఫ్ బ్రయన్ (1979), ద మీనింగ్ ఆఫ్ లైఫ్ (1983), పర్సనల్ సర్వీసెస్ (1987), ఎరిక్ ద వైకింగ్ (1989), ద విండ్ ఇన్ ద విల్లోస్ (1996). 2015కు ముందు తయారైన జాబితాల్లో 5 అని కనిపించడానికి కారణం ఇదే. ఆ ఏడాది అబ్సల్యూట్లీ ఎనీథింగ్ వచ్చింది. ఆ 5కు దీనినీ, హోలీ గ్రెయిల్‌నూ కలిపితే 7 అవుతాయి. అదే ఏడాది ఆర్థిక సంక్షోభాల మీద మరో ఇద్దరితో కలిసి తీసిన బూమ్ బస్ట్ బూమ్ అనే డాక్యుమెంటరీని చేర్చినవారికి 8 వస్తాయి.

పైథాన్ పేరున్నవన్నీ కలిపితే లెక్క తప్పడానికి కారణం వేరు. టీవీ కార్యక్రమంలోని అంశాలను మళ్లీ చిత్రీకరించి 1971లో విడుదల చేసిన చిత్రానికి దర్శకుడు ఇయాన్ మెక్‌నాటన్. అమెరికాలోని హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయటి రంగస్థలంలో బృందం ఇచ్చిన ప్రదర్శన ఆధారంగా 1982లో వచ్చిన చిత్రానికి దర్శకుడు టెర్రీ హ్యూస్. అవును, ఆయన మూడో టెర్రీ. బహుశా మిమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టినవారు ఆయనే. ద మీనింగ్ ఆఫ్ లైఫ్ మొదట్లో వచ్చే పొట్టి చిత్రం మాత్రం గిలియమ్‌దే, మిగతాదంతా జోన్స్ తీసింది. దానికి 1983 కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమతి లభించింది.

నాలుగు మాటలు రాయాలంటే, బృందంలోని మైకేల్ పేలిన్‌తో కలిసి ఆయన రచన చేసేవారని, 1969లో మొదలైన ఫ్లయింగ్ సర్కస్ అనే బృందం టీవీ కార్యక్రమంలో ఒక అంశం ముగింపు కోసం చూడకుండా మరొక దానిలోకి జారిపోయే తీరు కోసం బాగా పట్టుబట్టినవారిలో ఆయన ఒకరని రాయండి. దర్శకత్వం మీద ఆయనకు ఆసక్తి కలిగింది కూడా అక్కడే, ఎడిటింగ్ గదిలో ఆ కార్యక్రమ దర్శకుడు మెక్‌నాటన్ పక్కన కూర్చున్నప్పుడే. మీ చిత్రంలో ఆయన ఆర్థర్ రాజు యోధుల్లో ఒకరైన సర్ బెడివీర్ వేషం కూడా వేశారు.

కరపత్రం:
హోలీ గ్రెయిల్ దగ్గర ఆయనను సహదర్శకుడు అని రాస్తే సరిపోతుంది.

తెరవెనుక:
సరిపోదు. మన సినిమా పేర్లలో కో-డైరెక్టర్ అంటే దర్శకుడి కింద పనిచేసేవారు. చదివినవారు జోన్స్‌ను గిలియమ్ దగ్గర సహాయకుడనుకుంటారు.

కరపత్రం:
ఫిల్మ్ సొసైటీకి వచ్చేవారికి ఆ మాత్రం తేడా తెలియదా?

పాతరీలు:
తెలిసినా తెలియకపోయినా, దృశ్యరూపం వరకు అది గిలియమ్ చిత్రమే. నటులతో పని చూసుకున్నది జోన్స్. ఒకే చిత్రానికి ఇద్దరి చూపు ఉండడం వల్ల వచ్చిన ఇబ్బంది వల్లనే కదా, లైఫ్ ఆఫ్ బ్రయన్‌కు వచ్చేసరికి దర్శకత్వం జోన్స్ ఒక్కరే చేపట్టి, గిలియమ్ కళా విభాగం చూసుకున్నారు.

నిదానం:
"దర్శకత్వం: టెర్రీ గిలియమ్, టెర్రీ జోన్స్" అని వేయండి. తెర మీద ఉన్న వరుస కూడా అదే.

మధ్యయుగం:
ఎరిక్ ద వైకింగ్ పక్కన, ఆయనే పిల్లల కోసం రాసిన వైకింగ్ కథల పుస్తకం 1983లో వచ్చిందని, చిత్రం కథ మాత్రం వేరని ఒక వాక్యం చేర్చండి. లాబిరింత్ (1986) స్క్రీన్‌ప్లే కూడా ఆయన పేరునే ఉంది కనుక దానిని వదిలేయకూడదు.

తెరవెనుక:
లాబిరింత్ దర్శకుడు జిమ్ హెన్సన్. పైగా ఆ స్క్రీన్‌ప్లేను తర్వాత ఇతరులు చాలా మార్చారు. దర్శకుడి జాబితాలో దానికి చోటు లేదు.

మధ్యయుగం:
ఆయన నటుడు, రచయిత, దర్శకుడు. మూడింటిలో ఒకటే రాయాలని ఎవరు నిర్ణయించారు?

వెన్నెలదారి:
పుటలో అంత చోటు లేదండీ. నిదానం గారు ఇచ్చిన 7 చిత్రాల జాబితా వేసి, డాక్యుమెంటరీని విడిగా రాశాను. అచ్చుకు పంపేశాను. కృతజ్ఞతలు.

పాతరీలు:
ఏ ప్రతి వేస్తున్నారో చెప్పలేదు. పాత డిస్క్ అయితే బొమ్మ బాగా రాదు.

కరపత్రం:
ఐర్లండ్‌లో జోన్స్ చిత్రాలు మూడింటిని నిషేధించారని విన్నాను. లైఫ్ ఆఫ్ బ్రయన్ సంగతి తెలుసు, మిగతా రెండు ఏవి?

నిదానం:
ద మీనింగ్ ఆఫ్ లైఫ్, పర్సనల్ సర్వీసెస్.

మధ్యయుగం:
చాసర్ గురించి ఒక్క వాక్యమైనా చేర్చారా?