ఎడ్లబండి నడిపిద్దామంటే వెలుగు మిణుకుతున్నది

నల్లగొండ డిగ్రీ పిల్ల: కాలేజీ పోటీకి నిమిషం స్టాప్ మోషన్ (బొమ్మను కొద్దికొద్దిగ కదుపుకుంట ఫొటోలు తీసి, కలిపి ఆడించే సినిమా) తీస్తున్న, ఫోన్‌తోనే. రేగడి మన్నుతోని ఎడ్లబండి చేసిన. ఫొటోలన్నీ కలిపి ఆడిస్తే వెలుగు మిణుకుమిణుకుమంటున్నది. ఎద్దుల కాళ్లు తెల్లారేసరికే పగుల్తున్నయ్. సెకనుకు 24 ఫొటోలు తప్పదా?

పాలమూరు అన్న: 24 ఎందుకు చెల్లె? 12 తియ్యి, వీడియోల సెకనుకు 24 ఫ్రేములుంటే ఒక్కో ఫొటోను రెండు ఫ్రేముల సేపు ఉంచు. నిమిషానికి 720 ఫొటోలు, గదే చానా పని. ఇగ వెలుగు సంగతి. కిటికీ మూసెయ్, బల్బు పెట్టుకో. ఎక్స్‌పోజరు (వెలుగు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మూడూ లాక్ చెయ్యి, లేకుంటే ఫొటో ఫొటోకు ఫోనే మారుస్తుంటది. మన కరెంటు 50 హెర్ట్జ్, షట్టరు (ఫొటోకు వెలుగు తీసుకునే సేపు) సెకనుల 1/50 వంతు పెడితే బల్బు మిణుకు పడదు. తెల్లంగి తొడుక్కోకు, దాని వెలుగు బొమ్మ మీద పడ్తది. రేగడి ఎండితే పగలకుంట ఉంటదా! బండికి ఉండనియ్, ఎద్దులకు ఎండని నూనె క్లే కొను, కాళ్లల్ల తీగ పెట్టు.

దేవరకొండ నుంచి: గీర (చక్రం) జాగ్రత్త. 12 ఆకులు (నడిమి నుంచి అంచుకు పోయే కర్రలు) ఉంటే ఆకుకూ ఆకుకూ నడుమ 30 డిగ్రీలు. ఫొటోకు 15 దాటి తిప్పితే బండి ముందుకు, గీర వెనక్కి పోతున్నట్టు కనబడ్తది. సరిగ్గ 30 తిప్పితే గీర తిరిగినట్టే ఉండదు.

నల్లగొండ డిగ్రీ పిల్ల: అయితే 10 తిప్పుత. ఫోన్ ముట్టుకుంటే కదుల్తున్నది, స్టాండు లేదు.

పాలమూరు అన్న: రెండు ఇటుకల నడుమ ఇరికియ్. వైరు ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ నొక్కితే చానా ఫోన్లల్ల ఫొటో పడ్తది.