‘యుద్ధము – శాంతి’: ఏ ఇంగ్లీషు అనువాదం కొనాలి?

ప్రశ్న: టాల్‌స్టాయ్ నవలలోని ఫ్రెంచ్ సంభాషణలు ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉన్నాయి. అధ్యాయాల అంకెలూ కలవడం లేదు. తొలిసారి చదివేవారికి ఏది నయం?

జవాబు 1: ముందు మొదటి పేజీ తెరవండి. నవల 1805 జూలైలో, అన్నా పావ్లొవ్నా ఇంట్లో, ఫ్రెంచ్ మాటతోనే మొదలవుతుంది. పెవియర్, వోలొఖోన్‌స్కీల 2007 అనువాదం దాన్ని ఫ్రెంచ్‌లోనే ఉంచి అర్థం పేజీ అడుగున ఇస్తుంది. బ్రిగ్స్ 2005లో ఇంగ్లీషు చేసేశారు. చదువు ఆగకుండా సాగుతుంది గానీ, నవలలోని రష్యన్ దొరలు ఎప్పుడు ఏ భాషలోకి మారుతున్నారన్నది చెవికి అందదు. నా దృష్టిలో అది పెద్ద నష్టమే. మధ్యేమార్గం కావాలంటే మోడ్ దంపతుల అనువాదాన్ని మాండెల్కర్ సవరించిన 2010 ఆక్స్‌ఫర్డ్ ప్రతి తీసుకోండి. ఫ్రెంచ్ తిరిగొచ్చింది, ముఖ్య పాత్రల్లో ఒకడు, పాత ప్రతిలోని ‘ఆండ్రూ’, మళ్ళీ ఆంద్రే అయ్యాడు.

జవాబు 2: అంకెల చిక్కు ఇదండీ. రష్యన్‌లో నాలుగు సంపుటాలు, వాటిలో వరుసగా 3, 5, 3, 4 భాగాలు. పాత మోడ్ ప్రతి వాటినే కలిపి 15 పుస్తకాలుగా లెక్కపెట్టింది. బొరొదినో యుద్ధం మూడో సంపుటం రెండో భాగంలో ఉంది కదా, 3+5+2, అంటే అక్కడ పదో పుస్తకం.

జవాబు 3: బ్రామ్‌ఫీల్డ్ అనువదించిన ‘ఒరిజినల్ వెర్షన్’ పొరపాటున కొనకండి. అది తొలి చిత్తుప్రతి, అందులో ఆంద్రే చనిపోడు. అనువాదకుల పేరే వేయని చవక ఈబుక్ కూడా వద్దు.