ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మోకాలు మాత్రం పట్టేస్తోంది: ఎంఆర్ఐ అవసరమా?

ప్రశ్న (కళ్యాణదుర్గం): మా నాన్నగారికి 56 ఏళ్లు. వేరుశనగ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసి, లేస్తూ పక్కకు తిరిగినప్పుడు కుడి మోకాలు మెలిక పడింది. అప్పటి నుంచి అప్పుడప్పుడు మడిచిన కాలు మడిచినట్టే పట్టేస్తోంది. చేత్తో అటూ ఇటూ కదిపితే గాని చాపలేకపోతున్నారు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే బాగానే ఉంది. అయినా డాక్టరు గారు అనంతపురంలో ఎంఆర్ఐ తీయించమన్నారు. ఈ ఖర్చు తప్పదా అండీ?

జవాబు (కర్నూలు, ఫిజియోథెరపిస్టు): నమస్కారమండీ. ఎక్స్‌రే బాగుందంటే ఎముకల వరకు బాగుందని అర్థం. తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ చంద్రవంకల్లా, మెత్తలా ఉండే రెండు మెనిస్కస్‌లు గాని, కీలును బిగించి ఉంచే లిగమెంట్లు గాని అందులో కనిపించవు. మెలిక పడిన తర్వాత కీలు ఇలా ఇరుక్కుంటోందంటే, చిరిగిన మెనిస్కస్ ముక్క మడతపడి మధ్యలోకి జరిగి ఉండవచ్చు, లేదా ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర (మృదులాస్థి) ముక్క ఊడి లోపల తిరుగుతూ ఉండవచ్చు. వీటిని కోత లేకుండా స్పష్టంగా చూపేది ఎంఆర్ఐ కాబట్టి, డాక్టరు గారి సలహా సబబే. నిలబెట్టి తీసే ఎక్స్‌రే కూడా అడగండి. అరుగుదల వల్ల ఎముకల మధ్య సందు తగ్గిందా లేదా అన్నది కాలిపై బరువు పడినప్పుడే బాగా తెలుస్తుంది, ఖర్చూ తక్కువ.

ప్రశ్న: రిపోర్టులో చిరిగిందని వస్తే ఆపరేషన్ తప్పదా?

జవాబు: రిపోర్టు ఒక్కటే చూసి నిర్ణయించకూడదండీ. 50 నుంచి 90 ఏళ్ల వారికి ఎంఆర్ఐ తీసి 2008లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, మెనిస్కస్ చిరిగి ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. అరుగుదలతో వచ్చిన చిరుగులకు ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌తో) ముక్క కత్తిరించినా, కత్తిరించినట్టు నటించినా ఏడాది తర్వాత ఫలితం దాదాపు ఒకటేనని ఫిన్లాండ్ వైద్యులు 2013లో చూపారు. అయితే మెలిక వంటి దెబ్బతో నొప్పి మొదలైనవారిని, కాలు చాపలేనంతగా కీలు ఇరుక్కుపోయినవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు గనుక, దాన్ని మీ నాన్నగారికి యథాతథంగా అన్వయించలేము. నొప్పికి వెరచి కాలు చాపకపోవడం వేరు, ఏదో అడ్డుపడి చాపలేకపోవడం వేరు. ఈ తేడాను ఆర్థోపెడిక్ డాక్టరు చేత్తో పరీక్షించి, ఫిల్ముతో సరిపోల్చి తేల్చాలి.

స్కాన్‌కు డాక్టరు రాసిచ్చే చీటీలో ఉత్త ‘మోకాలి నొప్పి’ అని కాక, మెలిక పడిన సంగతీ పట్టేస్తున్న సంగతీ రాయించండి. స్కాన్ చదివే రేడియాలజిస్టు ఎక్కడ నిశితంగా చూడాలో దాన్నిబట్టే తెలుసుకుంటారు. ఎంఆర్ఐ బలమైన అయస్కాంతంతో పనిచేస్తుంది కాబట్టి, ఒంట్లో పేస్‌మేకర్ (గుండె లయ కోసం అమర్చే పరికరం) వంటివి ఉంటే ముందే చెప్పాలి. ఈలోగా కాలు బొత్తిగా చాచుకోలేని స్థితి వస్తే స్కాన్ తేదీ కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అంతవరకు కలుపు పనికి మాత్రం కూర్చోనివ్వకండి.