34 మంది పిల్లల బడి: కమిటీ తీర్మానం మీద సంతకం పెట్టే ముందు ఏమి చూడాలి?

ప్రశ్న: పాలబుడ్డి, చంద్రగిరి వైపు

మాది చంద్రగిరి వైపు ఒక చిన్న ఊరు. ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు అన్ని తరగతులూ కలిపి 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మా బాబు ఐదు, పాప మూడు అక్కడే చదువుతున్నారు. 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో నన్ను పాఠశాల యాజమాన్య కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. నేను ఇంటర్‌తో చదువు ఆపేశాను. నాలుగు ఆవులున్నాయి, రెండు పూటలా పాలు పోస్తాను. ఏడాది పాటు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను, దాచుకోవడం ఎందుకు.

పోయిన నెల తీర్మానాల పుస్తకం ఇంటికే పంపారు, మూడు చోట్ల సంతకం చేయాలని. చదివి చేస్తానన్నాను. "అది ఏటా రాసేదేనమ్మా, గ్రాంటు వాడకపోతే వెనక్కి పోతుంది" అన్నారు. అయినా చదివాను. ఒక పేజీలో "మరుగుదొడ్ల శుభ్రతకు 2,500" అని రాసి ఉంది. ఆడపిల్లల మరుగుదొడ్డిలో కుళాయి వేసవి సెలవుల నుంచి తిరగడం లేదు. బయటి తొట్టి నుంచి బకెట్‌తో మోసుకోవాలి. మూడో తరగతి పిల్ల నిండు బకెట్ ఎత్తలేదు. మా పాప నీళ్ల సీసా ఉదయం ఎలా పంపితే సాయంత్రం అలాగే తిరిగి వస్తుంది. ఎందుకు తాగలేదే అంటే "తాగితే పోవాలి కదమ్మా" అంది.

ఆ రోజు సంతకం పెట్టలేదు. టీచర్లతో తగువు పెట్టుకుంటే నీ పిల్లలకే నష్టమని ఊళ్లో నలుగురూ చెప్పారు. నాకు తగువు అక్కర్లేదు. ఆ ఇద్దరిలో ఒక మేడం పిల్లలకు ప్రాణం పెట్టి చెబుతారు. నాకు తెలియాల్సిందల్లా ఇది. మా బడికి డబ్బు ఏ లెక్కన వస్తుంది? బోర్డు మీద మండల పరిషత్ అని ఉంది, జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఆజ్ఞలు ఎంఈఓ (మండల విద్యాధికారి) నుంచి వస్తాయి, మరి అసలు యజమాని ఎవరు? 2025లో పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం కింద ఇద్దరికీ 13,000 చొప్పున పడ్డాయి, బడి నిర్వహణకని తలా 2,000 మినహాయించారు. ఆ నాలుగు వేలు మా బడికే వస్తాయా? అన్నిటికంటే ముఖ్యం, పిల్లలకు నిజంగా చదువు వస్తోందో లేదో నాలాంటిది ఎలా కనుక్కోవాలి?

జవాబు 1: విశ్రాంత హెచ్ఎం, కార్వేటినగరం

అమ్మా, చదవకుండా సంతకం పెట్టనన్నందుకు ముందుగా మీకు నమస్కారం. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన రోజుల్లో అలా అడిగే అధ్యక్షురాలి కోసం ఎదురు చూశాను. ఒక్కరూ అడగలేదు. తప్పు వాళ్లది కాదు, చదివి వినిపించాల్సింది మేమే.

యజమాని సంగతి మొదట చెబుతాను. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినప్పుడు పల్లె బడులు వాటి కిందికి వెళ్లాయి. 1980లలో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. బోర్డు మీద పేరు అప్పటి నుంచి ఉన్నదే. ఇప్పుడు పంచాయతీరాజ్ టీచర్ల జీతం రాష్ట్ర ఖజానా నుంచి 010 అనే జీతాల పద్దు కింద వస్తుంది. నియామకం డీఎస్సీ ద్వారా, పర్యవేక్షణ ఎంఈఓది, డీఈఓ (జిల్లా విద్యాధికారి)ది. మండలానికి ఇప్పుడు ఇద్దరు ఎంఈఓలు ఉన్నారు, మీ బడి ఏ ఎంఈఓ చూస్తారో అడిగి రాసి పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయినా జిల్లా పరిషత్తు చిత్తూరులోనే ఉమ్మడిగా కొనసాగింది. అందుకే మీ వైపు వాళ్లకు డీఈఓ తిరుపతిలో, జిల్లా పరిషత్ కార్యాలయం చిత్తూరులో అయింది. తెలియక రెండు ఊళ్లూ తిరిగిన తల్లిదండ్రులను చూశాను.

సర్పంచ్ గానీ మీరు గానీ టీచరును బదిలీ చేయలేరు. అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ మీ కమిటీకి మూడు పనులు అప్పగించింది: బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో గమనించడం. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీ సంతకం మర్యాద కోసం పెట్టించుకునేది కాదు.

ఇక డబ్బు. సమగ్ర శిక్ష పథకం కింద ఏటా వచ్చే పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10,000, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000. మన రాష్ట్రంలో ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. మీకు 34 మంది కాబట్టి 25,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకు వాడాలని నిబంధన. మీరు చదివిన 2,500 అదే. ఎవరో తోచినట్టు వేసిన అంకె కాదది. కుళాయి బాగుచేయడానికి దారి ఆ పద్దులోనే ఉంది. గ్రాంటు వెనక్కి పోతుందన్న మాట కూడా అబద్ధం కాదు, మార్చి 31 దాటితే మిగిలిన సొమ్ముకు భరోసా లేదు. కాబట్టి ఆపి ఊరుకోవద్దు, కుళాయి పేరు రాయించి సంతకం పెట్టండి.

మీరు అడగని విషయం ఒకటి, నాకు అన్నిటికంటే భయం కలిగించేది. మీ ఊరి నుంచి నలుగురు పిల్లలు పసుపు బస్సు ఎక్కి ప్రైవేటు బడికి వెళ్లారనుకోండి. 34 కాస్తా 30 అవుతుంది. 25,000 కాస్తా 10,000 అవుతుంది. నాలుగు కుటుంబాల నిర్ణయంతో బడికి 15,000 పోయినట్టే. కరెంటు బిల్లు తగ్గదు, సున్నం ధర తగ్గదు. సెప్టెంబరు 30 నాటికి యూడైస్‌లో (దేశంలోని బడుల వివరాలు నమోదయ్యే చోట) ఎక్కే సంఖ్యే ఈ లెక్కకు ఆధారం. ఆ నెలలో రిజిస్టరు మీరు కూడా ఒకసారి చూడండి.

మధ్యాహ్న భోజనం లెక్క వేరు. 2025 మే 1 నుంచి ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, బియ్యం వంద గ్రాములు. మీ బడిలో అందరూ తిన్న రోజు కూరగాయలకు, పప్పుకు, నూనెకు, వంటచెరకుకు కలిపి 230 రూపాయల 52 పైసలు. గుడ్డు, చిక్కీ రాష్ట్రం విడిగా ఇస్తుంది. టమాటా ధర పెరిగిన వారంలో ఆ వంటమ్మ ఎలా నెట్టుకొస్తుందో వంటగదిలో కూర్చుని చూడండి. ఆమెను నిందించే ముందు ఈ 230 గుర్తు పెట్టుకోవాలని నా మనవి.

తల్లికి వందనంలో మినహాయించిన సొమ్ము నేరుగా మీ బడి ఖాతాలో పడదు, జిల్లా స్థాయిలో కలెక్టర్ పర్యవేక్షణలో ఉంటుంది. దాని మీద ఆశతో కుళాయి పని ఆపకండి.

చదువు వస్తోందో లేదో తెలుసుకోవడానికి మార్కుల కార్డు పక్కన పెట్టండి. రెండో తరగతి తెలుగు పుస్తకం తీసి, పాప చదవని పాఠం ఒకటి చూసి, ఒక పేజీ పైకి చదివించండి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు పరీక్షించే అసర్ సర్వే వాళ్లు చేసేదీ ఇదే. 2024లో దేశమంతటా పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతం. పెరిగింది, సంతోషమే. కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేరు. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లంటే ఏ గంటలోనైనా కనీసం మూడు తరగతులు తమంతట తాము కూర్చోవాలి. అయినా 60 మంది వరకు ఇద్దరు చాలని చట్టమే చెబుతోంది. చట్టంలోని ఆ అంకెను నేను ఏనాడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

జవాబు 2: కొర్లగుంట అమ్మాయి, ఇప్పుడు టెక్సాస్

అక్కా, నాది తిరుపతి కొర్లగుంట. ఇక్కడ ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాం, మా పిల్లలది ప్రభుత్వ బడే. ఇక్కడ చాలా ప్రభుత్వ బడులు "పాఠశాల జిల్లా" కింద ఉంటాయి. అది మన రెవెన్యూ జిల్లా లాంటిది కాదు, బడుల కోసమే ఏర్పడిన పాలన. ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న ట్రస్టీల బోర్డు నడుపుతుంది, టెక్సాస్‌లో వాళ్లకు జీతం ఉండదు. సూపరింటెండెంటును నియమించేదీ, తీసేసేదీ ఆ బోర్డే. డబ్బులో పెద్ద భాగం మా ఇళ్ల మీద వేసే ఆస్తి పన్ను, దానికి రాష్ట్రం వాటా తోడవుతుంది. బడ్జెట్‌ను ఆమోదించే ముందు ప్రజల ఎదుట సమావేశం పెట్టి తీరాలి, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. రాష్ట్రం ఒక్కో జిల్లాకు, ఒక్కో బడికి ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తుంది.

మొదటిసారి ఆ సమావేశానికి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్న ముసలాయన బడ్జెట్ కాగితాల మీద పెన్సిలుతో గీతలు గీసుకుంటూ కనిపించాడు. ఆయన పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయిపోయారు. పన్ను కడుతున్నాను కాబట్టి చూస్తానన్నాడు. ఇక్కడంతా బాగుందని మాత్రం అనను. ఇళ్ల విలువ తక్కువున్న చోట పన్ను తక్కువ వస్తుంది, ఆ తేడా తీర్చడానికి రాష్ట్రం ధనిక జిల్లాల నుంచి కొంత లాగుతుంది, దాని మీద ఏళ్ల తరబడి గొడవ. మన దగ్గర జీతం రాష్ట్రమే ఇస్తుంది కాబట్టి పేద ఊరికీ అదే అర్హతల టీచరు వస్తారు. అది చిన్న విషయం కాదు. మీ తీర్మానాల పుస్తకం ఇంటికి రావడం కాదు, బడి వరండాలో అందరి ముందు తెరవాలి. అది ఒక్కటి మాత్రం ఇక్కడి నుంచి తీసుకోండి.

జవాబు 3: కమిటీ సభ్యుడు, పూతలపట్టు

అమ్మా, మా బడిలో ప్రహరీ గోడ విషయంలో నేర్చుకున్నది చెబుతాను. నోటిమాటగా అడిగితే ఆరు నెలలైనా కదల్లేదు. తీర్మానం రాసి, ఫలానా పని, ఫలానా తేదీలోపు అని పెట్టి, నకలు మీద ఎంఈఓ కార్యాలయం ముద్ర వేయించుకున్నాక కదిలింది. ఖర్చు వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ అది ఆఖరి దారి అని నా అభిప్రాయం. ముందు మీ మేడంతో కూర్చోండి. మా హెచ్ఎం సొంత డబ్బుతో సుద్దముక్కలు కొన్న నెలలున్నాయి, గ్రాంటు ఆలస్యమై. అది మాకు పుస్తకం తెరిచాకే తెలిసింది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ: పాలబుడ్డి

అందరికీ దండాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే రాత్రి పాపతో చదివించాను. రెండో తరగతి పుస్తకం, చివరి పాఠాల్లో ఒకటి. మొదటి నాలుగు వరుసలు గడగడా చదివింది, నా గుండె నిండిపోయింది. ఐదో వరుసలో "రాష్ట్రం" దగ్గర వేలు ఆగింది. "రా" అంది, కింద ఉన్న ఒత్తులను చూసింది, నా ముఖం చూసింది. "ష" కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు అని చేత్తో చూపించాను. మూడుసార్లకు పలికింది. ఆ తర్వాత "స్త్రీ" దగ్గర అడగకుండానే ఆగి, తనే విడదీసుకుంది. బాబుకు ఈ ఇబ్బంది లేదు, కానీ భాగహారంలో శేషం మర్చిపోతున్నాడు.

ఈ సాయంత్రం మేడంను కలిశాను. కోపగించుకుంటారనుకున్నాను. కుర్చీ వేసి, ఖర్చుల రిజిస్టరు నా ముందు పెట్టారు. కరెంటు బిల్లు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, ఫ్యాను మరమ్మతు, అన్నిటికీ రసీదులు అతికించి ఉన్నాయి. కుళాయి కోసం ప్లంబరుకు రెండుసార్లు ఫోను చేశారట, ఒక్క కుళాయికి అంత దూరం రానన్నాడట. మా ఆయన తమ్ముడు బోరు మోటార్లు బాగుచేస్తాడు. శనివారం వస్తానన్నాడు. సామానుకు రసీదు తెచ్చి శుభ్రత పద్దులోనే రాస్తాం.

శుక్రవారం మూడు గంటలకు వరండాలోనే సమావేశం పెట్టాం. తీర్మానం నేనే పైకి చదువుతాను. పసుపు బస్సు గురించి మాస్టారు రాసింది చదివాక రెండు ఇళ్లకు వెళ్లాను. ఒకరు వచ్చే ఏడాది మార్చేస్తామన్నారు, ఇంగ్లీషు కోసం. ఇంకో ఇంటి అమ్మ మాత్రం కుళాయి సంగతి అడిగింది. ఆమె పాపది కూడా మూడో తరగతే. శనివారం తర్వాత వచ్చి చూసుకుంటానంది.