బీపీ బాగానే ఉందని ఐసీయూ టీమ్‌ని పిలవకుండా ఆగాలా?

విజయవాడలో వార్డు నర్సుని. మొన్న నైట్ డ్యూటీలో ఆపరేషన్ అయిన పెద్దాయనకి బీపీ 112, కానీ శ్వాస నిమిషానికి 28, పల్స్ 118, ఆక్సిజన్ 94. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే "బీపీ బాగుందిగా, పొద్దున చూద్దాం" అన్నారు. తెల్లారేసరికి వెంటిలేటర్ మీద ఉన్నారు. నేనే నేరుగా ఐసీయూ వాళ్లని పిలవాల్సిందా?

— పిలవాల్సిందేనండి. రోగి పరిస్థితి ఎంత దిగజారుతోందో పాయింట్లలో చెప్పే బ్రిటన్ వాళ్ల న్యూస్2 లెక్కలో శ్వాసకి 3, పల్స్‌కి 2, ఆక్సిజన్‌కి 1, మొత్తం 6. ఐదు వచ్చినా చాలు, డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. బీపీ చివర్లో పడుతుంది, శ్వాసే ముందు చెబుతుంది, మన వార్డుల్లో దాన్నే లెక్కపెట్టకుండా 20 అని రాసేస్తారు, అది చూస్తే నాకు కడుపు మండుతుంది.

— ఐసీయూలో చేస్తాను. సిడ్నీ లివర్‌పూల్ ఆసుపత్రిలో 1990లోనే, పిలవగానే వార్డుకి వచ్చి చూసే ఇలాంటి టీమ్ పెట్టారు. తర్వాత ఆస్ట్రేలియాలో 23 ఆసుపత్రుల్లో చేసిన మెరిట్ అధ్యయనం 2005లో వచ్చింది, టీమ్ ఉన్న ఆసుపత్రులకీ లేనివాటికీ పెద్ద తేడా కనపడలేదు. కానీ అందులోనే, పిలవాల్సిన లక్షణాలున్నా చాలామందికి టీమ్‌ని పిలవలేదని తేలింది. అంటే టీమ్ ఉంటే చాలదు, నర్సు పిలిస్తే "ఎందుకు పిలిచావ్" అని ఎవరూ కసరకూడదు.

— ఇంగ్లండ్‌లో ఉంటున్నా. ఇక్కడ 2024 నుంచి మార్తాస్ రూల్ తెస్తున్నారు, అది ఉన్న ఆసుపత్రుల్లో ఇంటివాళ్లే ఏ వేళైనా వేరే టీమ్‌ని పిలవొచ్చు. అక్కా, ఆ రాత్రి ఫోన్ చేసిన టైమ్, డాక్టర్ చెప్పిన మాట కేస్ షీట్‌లో రాశారా?

— రాశాను. ఈ వారం మేట్రన్ గారితో మాట్లాడతాను.